గూట్లో గ్లాసు

సభలంటే నాకు కొత్తేమీ కాదు. మా వారు ముప్ఫై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో సోషలు మాస్టారుగా చేశారు. ఆయన వెనకాల నేను చూసిన సభలు, విన్న ఉపన్యాసాలు ఇన్నీ అన్నీ కావు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, "మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ", నాలుగింటికని కార్డులో వేసి ఆరింటికి మొదలవడం, "రెండే రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను" అన్న పెద్దమనిషి గంటన్నర మాట్లాడటం, వందన సమర్పణ వేళకి తివాచీ చుట్టే కుర్రాడూ మా వారూ తప్ప ఎవరూ మిగలకపోవడం. సభ అంటే అదీ అని నా అభిప్రాయం.

అలాంటి నాకు 2020 ఆగస్టు 12వ తేదీ సాయంత్రం, మా కాకినాడ ఇంట్లో, మా మధ్యగదిలోనే ఒక సభ జరుగుతుందని తెలిసేసరికి కంగారు పుట్టింది. ఎంతమంది వస్తారో, ఎన్ని కాఫీలు కలపాలో అని.

"ముప్ఫై ఆరుగురు బామ్మా. కానీ ఎవరూ రారు" అంది మా మనవరాలు బుజ్జి.

కరోనా రోజులు కదా. బుజ్జి కాలేజీ మూసేశారు, హాస్టలు ఖాళీ చేయించారు. మార్చిలో పెట్టె సర్దుకుని ఇంటికొచ్చిన పిల్ల అప్పట్నుంచీ ఆ కంప్యూటరు ముందే ఉంది. పాఠాలు అందులోనే, పరీక్షలు అందులోనే, కబుర్లు అందులోనే. ఇప్పుడు సభ కూడా అందులోనేట. పన్నెండో తేదీ ప్రపంచ యువజన దినమనీ, ఐక్యరాజ్యసమితి 1999లో నిర్ణయించిందనీ చెప్పింది.

"యువజన దినం జనవరి 12 కదే! వివేకానందుడి పుట్టినరోజు" అన్నారు మా వారు పేపర్లోంచి తలెత్తి.

"అది మన దేశానిది తాతయ్యా. ఇది ప్రపంచానిది."

"అయితే అధ్యక్షుడెవరు?" అన్నారు, కండువా ఎక్కడుందో గుర్తు చేసుకుంటున్నట్టు.

"అధ్యక్షుడు లేడు."

అధ్యక్షుడు లేని సభా! మా వారు మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు.

ఇంతకీ సభ దేనిమీదంటే, పిల్లలందరూ ఒక రకం కాదు కదా, రకరకాల పిల్లలున్నారు కదా, ఎవరూ బయట ఉండిపోకుండా అందర్నీ లోపలికి తెచ్చుకోవడం ఎలాగా అని. దానికి వాళ్ళు "డైవర్సిటీ, ఇన్‌క్లూజన్" అని పేరు పెట్టుకున్నారు. తెలుగులో ఏమనాలో చెప్పమని నా మీద పడింది.

"సమ్మిళితత్వం" అన్నారు మా వారు పేపరు వెనకనించే. ఆ పేపర్లోనే ఉన్నట్టుంది ఆ మాట. నాకైతే నోరు తిరగలేదు.

"కలుపుకుపోవడం అనవే, హాయిగా" అన్నాను.

బుజ్జి కాస్సేపు ఆలోచించింది. "బాగానే ఉంది బామ్మా. కానీ కలుపుకుపోవడం అంటే, కలుపుకునేవాళ్ళు వేరే, ఆ కలుపుకోవడం కోసం గుమ్మంలో నించునేవాళ్ళు వేరే అన్నట్టు లేదూ?"

చూశారా ఈ కాలం పిల్లలు! మాట అడుగుతారు. ఇస్తే తిరగేసి అడుగు చూస్తారు, కూరగాయల బండి దగ్గర వంకాయని చూసినట్టు.

సరే, మూడు వారాల పాటు ఆ సభకి ఏర్పాట్లు జరిగాయి. పందిరి లేదు, పూలదండలు లేవు, మరి ఏర్పాట్లేమిటా అని నేనూ అనుకున్నాను. పెళ్ళికి కూడా ఇంత తర్జనభర్జన ఉండదని తర్వాత తెలిసింది.

వచ్చేవాళ్ళలో ఒక అమ్మాయికి చెవులు వినపడవు. అంచేత చేతులతో సైగల భాష చెప్పేవాళ్ళు కావాలి. ఒకడు కాదుట, ఇద్దరుట. పావుగంట ఇరవై నిమిషాలకి చేతులూ బుర్రా రెండూ అలిసిపోతాయి కనక వంతులు వేసుకుంటారుట. గళ్ళ చొక్కా వేసుకోకూడదుట, చేతులు స్పష్టంగా కనపడాలి కనక ఒంటిరంగు చొక్కా వేసుకోవాలిట. ఆ సైగలకి కూడా వ్యాకరణం ఉంటుందిట, నిఘంటువు ఉంటుందిట. మన దేశపు సంజ్ఞల భాషకి 2018లో 3,000 మాటలతో వేసిన నిఘంటువు 2021 నాటికి 10,000 మాటలకి పెరిగిందని ఆ తర్వాత చదివాను. అంతవరకూ సైగలంటే పెళ్ళిచూపుల్లో మా అత్తగారు కళ్ళతో చేసేవే నాకు తెలుసు.

ఇంకొక కుర్రాడికి చూపు లేదు. వాడి ఫోను తెర మీద ఉన్నదంతా వాడికి చదివి వినిపిస్తుందిట. అంచేత మాట్లాడబోయే ప్రతివాళ్ళూ ముందు తమ పేరు చెప్పుకుని మరీ మాట్లాడాలి. "ఈ బొమ్మ చూడండి" అని ఊరుకుంటే కుదరదు, బొమ్మలో ఏముందో చెప్పాలి.

ఏజెన్సీ నించి ఒక అమ్మాయి. ఆ పిల్ల ఊళ్ళో సిగ్నలు గుట్ట ఎక్కితేనే దొరుకుతుందిట, ఉన్నది బటన్ల ఫోను. ఆ పిల్ల కోసం మా వారి సెల్‌ఫోను స్వాధీనం చేసుకున్నారు. ఆ పిల్లకి ఫోను చేసి, మా వారి ఫోనుని కంప్యూటరు పక్కన పీట మీద పెట్టి, లౌడ్ స్పీకరు నొక్కి ఉంచారు. ఆ పిల్ల మాట సభకి, సభ మాట ఆ పిల్లకి. అధ్యక్ష పీఠం దక్కకపోయినా తన ఫోనుకి పీట దక్కిందని మా వారు తృప్తిపడ్డారు.

అందరి మాటా ఎప్పటికప్పుడు తెలుగులో టైపు కొట్టి పక్కన పెట్టడానికి ఒక కుర్రాడు. మరీ ముఖ్యమైన సంగతి, ఎవరి యాసనీ ఎవరూ వెక్కిరించకూడదు. మరొకటి, ఎవరు ఆడో ఎవరు మగో చూపుని బట్టి మనమే నిర్ణయించేసి "వచ్చింది, వచ్చాడు" అనకూడదు. 2014 ఏప్రిల్లో సుప్రీంకోర్టే ఒప్పుకుంది ఆడా మగా కాక మూడోవాళ్ళున్నారని, మనిషి తానెవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని. ఇంగ్లీషువాళ్ళు దీంతో ఏవేవో అవస్థలు పడుతున్నారుట. నేను వెంటనే అన్నాను: "దానికింత చర్చెందుకే? అందర్నీ 'వచ్చారు' అనండి. మనవాళ్ళు గౌరవంలోనే అన్నీ పెట్టేశారు."

బుజ్జి నన్ను గట్టిగా ముద్దు పెట్టుకుంది. ఆ సలహా సభలో నా పేరు మీద చదివారు కూడా. చెప్పొద్దూ, నేను కాస్త పొంగాను.

పన్నెండో తేదీ నాలుగింటికి సభ. నాలుగింటికే మొదలైంది! అదే మొదటి వింత. డబ్బు కట్టని జూమ్‌లో నలభై నిమిషాలవగానే సభ దానంతటదే రద్దయిపోతుందిట, మళ్ళీ అందరూ లోపలికి రావాలిట. "మా రోజుల్లో ఈ పద్ధతి ఉంటే ఎంతమంది ప్రాణాలు నిలిచేవో" అన్నారు మా వారు. సినిమాకి మల్లే మూడు ఆటలు అనుకున్నారు పిల్లలు.

నేను వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూచున్నాను. తెర మీద అరలు అరలుగా మొహాలు. బొమ్మల కొలువు గుర్తొచ్చింది నాకు, కాకపోతే ఈ బొమ్మలు దగ్గుతున్నాయి, జుట్టు సర్దుకుంటున్నాయి. ఒకరి వెనకాల మంచం మీద మనవళ్ళు కొట్టుకుంటున్నారు. ఒకరింట్లో కుక్కరు కూసింది, అది మా కుక్కరేమోనని నేను లేచాను.

పెద్ద పెద్ద మాటలు ఉంటాయనుకున్నాను. లేవు. ఒక్కొక్కరూ తమకి జరిగింది చెప్పుకున్నారు, అంతే.

శ్రీకాకుళం కుర్రాడొకడు హైదరాబాదు కాలేజీలో చేరిన మొదటి రోజు పేరూ ఊరూ చెప్పమంటే చెప్పాడట. క్లాసంతా నవ్వారుట. ఆ తర్వాత రెండేళ్ళు క్లాసులో నోరు విప్పలేదుట. "నాకు జవాబులు తెలుసు. జవాబు తప్పవుతుందని కాదు, మాట తప్పవుతుందని భయం" అన్నాడు. వెంటనే ఒక కరీంనగర్ అమ్మాయి "మాదీ గదే కథ అన్నా, సినిమాల్ల మా మాట మాట్లాడేటోడు రౌడీయో, పనోడో గావాలె" అంది. ముప్ఫై ఆరు మొహాలూ నవ్వాయి, కానీ అది వేరే నవ్వు.

చెవులు వినపడని అమ్మాయి చేతులతో చెప్తుంటే ఒక కుర్రాడు పైకి పలికాడు. వాళ్ళింట్లో అందరూ మంచివాళ్ళేట. ప్రాణం పెడతారుట. పండక్కి అందరూ చేరి భోజనాల దగ్గర పడీ పడీ నవ్వుతారుట. ఎందుకు నవ్వుతున్నారని అమ్మ చెయ్యి పట్టుకుని అడుగుతుందిట. "తర్వాత చెప్తాలే" అంటుందిట అమ్మ. "నాకు ఇరవై ఏళ్ళు. ఆ తర్వాత ఇంకా రాలేదు" అంది.

నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. మా ఇంట్లోనూ చెవుడు వచ్చిన మా మేనత్తగారుండేవారు. "ఏవిటర్రా, ఏవిటర్రా" అని అడుగుతూ ఉండేవారు. మేమూ అదే మాట అనేవాళ్ళం.

చూపు లేని కుర్రాడు గడుసువాడు. వాళ్ళ కాలేజీలో వాడి కోసమని మెట్ల పక్కన పెద్ద ఖర్చుతో ఏటవాలు దారి కట్టించి, ఫోటోలు తీయించి, వాణ్ణి నించోబెట్టి కొబ్బరికాయ కొట్టించారుట. "నాకు కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి సార్. నాకు కావలసింది పుస్తకాలు నా ఫోను చదవగలిగేలా ఇవ్వడం. ఎవరైనా నన్ను అడిగితే ఆ మాట చెప్పేవాణ్ణి" అన్నాడు. వికలాంగుల ఉద్యమాల్లో ప్రపంచమంతా ఒక మాట ఉందిట: మా సంగతి మమ్మల్ని అడక్కుండా తేల్చొద్దు అని. చట్టాలు చెయ్యడం నించి కాలవ మీద వంతెన వెయ్యడం దాకా దానికే వర్తిస్తుందన్నాడు. మా వారు పేపరు మడిచి పక్కన పెట్టేశారు.

ఇంతలో మా పనావిడ వచ్చింది. సాయంత్రం అంట్లకి వచ్చే వేళ అది. నేను లేచి కాఫీ కలిపాను. దొడ్డి వసారాలో గోడకి గూడుంది. గూట్లో ఆవిడ గ్లాసుంది. అందులో పోశాను.

అప్పుడే ఆ తెరలోంచి ఎవరో అడుగుతున్నారు: "బుజ్జి గారూ, అందర్నీ మాట్లాడించారు, మీరు చెప్పలేదే?"

బుజ్జి పేరు చెప్పుకుంది, పద్ధతి ప్రకారం. తర్వాత అంది: "నన్నెవరూ ఎక్కడా వేరుగా పెట్టలేదు. అంచేత నాకు కథ లేదు. కానీ మా ఇంట్లో ఒక గ్లాసుంది."

నా చేతిలో గిన్నె ఉంది. అలాగే నించుండిపోయాను.

"మా దొడ్డి వసారాలో గూట్లో ఉంటుంది. మా ఇంట్లో పని చేసే ఆవిడది. మా ఇంట్లో గ్లాసులన్నీ ఆవిడే తోముతుంది. ఆవిడ గ్లాసు మాత్రం మేమెవరం ముట్టుకోం. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ చూస్తున్నాను. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. నా కథ అదే."

టైపు కొట్టే కుర్రాడు ఆ ముక్క కూడా టైపు కొట్టేశాడు. ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు గ్లాసుకి సైగ కూడా చేశాడు. నలభై నిమిషాలూ అప్పుడైపోకూడదూ! కాలేదు.

సభ అయ్యాక మా ఇంట్లో రెండో సభ మొదలైంది. దానికి నేనే అధ్యక్షురాల్ని.

"ఇంటి గుట్టు ముప్ఫై ఆరు ఇళ్ళకి చాటింపు వేస్తావా? ఎంత పరువు తక్కువ! ఆవిడకి మనమేం తక్కువ చేశాం? పండక్కి చీర పెట్టడంలేదా, పిల్ల పెళ్ళికి అయిదువేలు ఇవ్వలేదా? మన ఇంట్లో కులం పట్టింపు ఎప్పుడైనా ఉందా? అయినా ఇది కరోనా కాలం. ఎవరి గ్లాసు వాళ్ళకి ఉండాలని టీవీలో రోజూ చెప్తున్నారు."

బుజ్జి అరవలేదు. అరిస్తే బాగుండును. "కరోనా 2020లో వచ్చింది బామ్మా. గ్లాసు ఎప్పుడొచ్చింది?" అంది.

మా వారికేసి చూశాను, నా పక్షాన మాట్లాడతారని. ఆయన గోడకేసి చూస్తున్నారు. ఎంతసేపటికో, "పదిహేడో అధికరణ" అన్నారు. "అంటరానితనం రద్దు చేయబడినది. ముప్ఫై ఒక్క ఏళ్ళు చెప్పాను పిల్లలకి. 1955లో చట్టం వచ్చింది, 1976లో దాన్ని పౌరహక్కుల రక్షణ చట్టంగా మార్చారు, రెండు మార్కుల ప్రశ్న. పల్లెటూరి టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఉందంటే పేపర్లో చదివి ఎంత ఆవేశపడేవాణ్ణో. మన దొడ్లోది నాకు కనపడనే లేదోయ్."

ఆయనకి కనపడలేదు సరే. నాకు కనపడకపోవడం ఎలా కుదురుతుంది? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను. ఇది బుజ్జికి కూడా తెలియదు అప్పటికి.

ఆ గూట్లో మొట్టమొదట ఉన్న గ్లాసు నాది.

1974లో నేనీ ఇంటికి కాపరానికొచ్చాను. నెలనెలా బయట చేరిన మూడు రోజులూ ఆ వసారాయే నా కాపరం. చాప, దుప్పటి, కంచం, ఇత్తడి గ్లాసు. గ్లాసు ఆ గూట్లో బోర్లించి ఉండేది. మా అత్తగారు ఎత్తునించి మజ్జిగ పోసేవారు, చెంబు తగలకుండా. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరమొస్తే రాత్రంతా కూచునే మనిషి. కానీ ఆ మూడు రోజులూ ఎత్తునించే పోసేవారు. మజ్జిగ చింది నా చేతుల మీద పడేది. లోపల అందరూ భోంచేస్తూ మాట్లాడుకునే మాటలు వినపడేవి, నేను జవాబు చెప్పబోతే వాళ్ళకి వినపడేది కాదు.

మా అత్తగారు 1989లో పోయారు. ఆ తర్వాత నేను వసారాలోకి వెళ్ళలేదు. ఇత్తడి గ్లాసు పాతసామానువాడికి వేసేశాను. నా అంత సంస్కర్త లేదనుకున్నాను. మరి 1996లో ఈవిడ పనిలో చేరితే, మొదటిరోజు కాఫీ ఇవ్వడానికి బజారునించి ఒక స్టీలు గ్లాసు ప్రత్యేకంగా కొని తెప్పించి, వేరే చోటు లేనట్టు ఆ గూట్లోనే బోర్లించిన చెయ్యి ఎవరిది? నాదే. ఎవరూ చెప్పలేదు. ఆలోచించి చేసింది కూడా కాదు. గూడు ఖాళీగా ఉంది కనక అందులో ఎవరో ఒకరు ఉండాలన్నట్టు పెట్టేశాను.

మా ఇంట్లో ప్రతి స్టీలు సామాను మీదా ఒక పేరు చెక్కి ఉంటుంది. పెళ్ళిలో చదివించినవారి పేరో, మా ఇంటిపేరో. ఆ గ్లాసు మీద మాత్రం ఏ పేరూ లేదు. ఇరవై నాలుగేళ్ళు.

మర్నాడు సాయంత్రానికి నేను కొత్త మనిషినైపోయాను. మా పెళ్ళినాటి గ్లాసుల్లో ఒకటి తీసి, నురగొచ్చేలా కాఫీ పోసి, బుజ్జి చూస్తుండగా తీసుకెళ్ళి ఆవిడకి అందించాను. ఆవిడ అందుకోలేదు.

"నా గ్లాసేదండి?" అంది.

"ఇంకనించీ ఇందులోనే తాగు."

"వద్దండి బాబూ. నా గ్లాసు నాకుండనివ్వండి. రేప్పొద్దున మీ గ్లాసుల్లో ఒకటి కనపడలేదనుకోండి, నన్నే కదండీ అడుగుతారు?"

కోపంగా అనలేదు. వాన వస్తుందేమోనండి అన్నంత మామూలుగా అంది. నేను గ్లాసు పట్టుకుని లోపలికొచ్చేశాను. కాఫీ చల్లారిపోయింది.

"చూశావా, ఆవిడకే అక్కర్లేదు" అన్నాను బుజ్జితో. గెలిచానని అనుకున్నాను కాబోలు.

"ఆవిడని అడిగావా బామ్మా?"

"అడగడమేమిటే? కాఫీ ఇవ్వడానికి అర్జీ పెట్టుకోవాలా?"

అనేశాక ఆ కుర్రాడు గుర్తొచ్చాడు, ఏటవాలు దారి ముందు కొబ్బరికాయ పట్టుకుని.

రెండు రోజులు ఊరుకున్నాను. మూడోనాడు ఆవిడ పని ముగించుకుని వసారా మెట్టు మీద కూచుంటే, నేనూ వెళ్ళి ఆ మెట్టు మీదే కూచున్నాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు, అయినా కూచున్నాను. ఆవిడ లేవబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఇరవై నాలుగేళ్ళలో నేనావిడతో అన్న మాటలన్నీ "ఇది తోమావా, అది తుడిచావా, రేపు పెందరాళే రా" అన్నవే. చివరికి, "మా ఇంట్లో నీకు కష్టంగా ఉన్నదేమిటో చెప్పు" అన్నాను.

ఆవిడ చాలాసేపు నన్ను చూసింది. ఇందులో మెలికేమిటా అని వెతుకుతున్నట్టు.

"గ్లాసు గురించి కాదండి" అంది. "ఏప్రిలు, మే రెండు నెలలూ రావద్దన్నారండి కరోనా అని. రాలేదండి. ఆ జీతం..." అని ఆగిపోయింది.

ఆ రెండు నెలలూ బియ్యం, కందిపప్పు మూట కట్టి గేటు దగ్గర ఇచ్చాం. ఎంత మంచివాళ్ళమో అనుకున్నాం. మా వారి పింఛను మాత్రం ఒకటో తారీఖుకల్లా బ్యాంకులో పడుతూనే ఉంది. ఆవిడ జీతం సంగతి ఆవిడ ఎత్తలేదు, మేం తలుచుకోలేదు. ఆవిడ ఆ రెండు నెలలూ వడ్డీకి తెచ్చుకుందని అప్పుడు తెలిసింది.

మరొకటి కూడా అడిగింది. నెలకి రెండు ఆదివారాలు సెలవు. ముప్ఫై రోజులూ వచ్చే మనిషికి సెలవనేది ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. మా వారికి స్కూల్లో ఆదివారం, రెండో శనివారం, సంక్రాంతి, దసరా, వేసవి సెలవలు, ఆపైన క్యాజువల్ లీవులు. ఆయన సెలవల్లో ఇంట్లో ఉంటే ఆవిడకి అంట్లు ఎక్కువ, అదొక్కటే ఆవిడకి తెలిసిన సెలవ.

రెండు నెలల జీతమూ ఇచ్చేశాం. మా వారే లెక్కపెట్టి, వడ్డీ కూడా కలిపి ఇచ్చారు. "ఇది దానం కాదు, బాకీ" అని రెండుసార్లు చెప్పారు, ఆవిడకో నాకో తెలియదు. ఆదివారాలు అంట్లు మా వారూ నేనూ తోముకుంటున్నాం. రాజ్యాంగం కంటే మూకుడు తోమడం కష్టమని ఆయన కనిపెట్టారు.

గ్లాసు సంగతి చివరికి ఆవిడే తేల్చింది. పేర్లు చెక్కిన పాత గ్లాసుల్లో తాగనంది. సరేనని బజారునించి ఆరు కొత్త గ్లాసులు తెచ్చాం, ఒకేలాంటివి, పేరు లేనివి. ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. పోతే ఎవరిది పోయిందో కూడా తెలియదు. "ఇదైతే బాగుందండి" అంది.

ఇది జరిగి ఏళ్ళయింది. బుజ్జి ఉద్యోగమొచ్చి బెంగుళూరు వెళ్ళిపోయింది. ఆ సభ వల్ల లోకం మారిందా అంటే నాకు తెలియదు. ముప్ఫై ఆరు ఇళ్ళలో ఎన్నిటికి గూళ్ళున్నాయో, ఎవరు లోపల చెయ్యిపెట్టి చూసుకున్నారో నేనెలా చెప్పగలను? మా ఇంటి లెక్క మాత్రం చెప్పగలను. అదీ పూర్తి కాలేదు. కుర్చీలో కూచోమంటే ఆవిడ ఇప్పటికీ కూచోదు, మెట్టు మీదే కూచుంటుంది. ఆవిడని కుర్చీ ఎక్కించడం నా వల్ల కాలేదు కనక నేనే మెట్టు దిగుతున్నాను. రోజూ సాయంత్రం ఇద్దరం అక్కడే కాఫీ తాగుతాం. ఆవిడ మాటలు వింటున్నాను. ఇరవై నాలుగేళ్ళూ మా ఇంట్లో ఇంత హాస్యమున్న మనిషి తిరిగిందని తెలియనే తెలియదు సుమండీ. మా అత్తగార్ని కూడా ఇంత బాగా అనుకరించిన వాళ్ళని చూడలేదు, ఆవిడ్ని చూడకుండానే, నన్ను చూసి!

గూట్లో ఇప్పుడు కొవ్వొత్తి, అగ్గిపెట్టె పెట్టాను. కరెంటు పోతే చీకట్లో అందరికీ చెయ్యందే చోటు అది.

ఇదంతా పత్రికకి రాస్తున్నానని మొన్న ఆవిడకి చెప్పాను. "నీ పేరు వెయ్యనా?" అని అడిగాను. కాస్సేపు ఆలోచించి, "వద్దండి" అంది.

అందుకే పైన ఎక్కడా ఆవిడ పేరు రాయలేదు. మర్చిపోయి కాదు, అడిగితే వద్దంది కనక.